లోన్ స్టార్ షోడౌన్ 2025: 11-0 పెద్దదా, సొంత గడ్డ పెద్దదా?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క మ్యాచ్ గురించే. నవంబర్ 28, శుక్రవారం రాత్రి, ఆస్టిన్‌లో టెక్సస్ లాంగ్‌హార్న్స్ వర్సెస్ టెక్సస్ ఏ అండ్ ఎం అగ్గీస్. అక్కడి టైమ్ సాయంత్రం ఆరున్నర. అంటే హైదరాబాద్‌లో, విజయవాడలో శనివారం తెల్లారి ఆరు గంటలు. పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చుంటే సరిపోతుంది. డాలస్, హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లు మాత్రం ఆ రోజు బ్లాక్ ఫ్రైడే షాపింగ్ మధ్యాహ్నానికే ముగించేయండి. సాయంత్రం తర్వాత టీవీ ముందు నుంచి లేవబుద్ధి కాదు.

ముందు పరిస్థితి చెప్తాను. ఏ అండ్ ఎం ఈ సీజన్‌లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది. 1992 తర్వాత వాళ్లకి ఇలా 11-0 రావడం ఇదే మొదటిసారి. ప్లేఆఫ్ కమిటీ మంగళవారం ఇచ్చిన ర్యాంకింగ్స్‌లో మూడో స్థానం. టెక్సస్ సీజన్ మొదలైనప్పుడు దేశంలో నంబర్ వన్. ఇప్పుడు 8-3, ర్యాంక్ 16. కాగితం మీద చూస్తే ఇది పోటీయే కాదు. కానీ ఆ కాగితాన్ని కాస్త దగ్గర నుంచి చదివితే వేరే కథ కనిపిస్తుంది. ఈ రోజు మనం చేయబోయేది ఆ పనే.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఈ రెండు కాలేజీల సంగతి రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. అది తెలియకపోతే ఈ మ్యాచ్‌కి ఇంత హడావిడి ఎందుకో అర్థం కాదు.

ఏ అండ్ ఎం అంటే అగ్రికల్చరల్ అండ్ మెకానికల్. 1876లో తలుపులు తెరిచింది. టెక్సస్ రాష్ట్రంలో మొదటి ప్రభుత్వ కాలేజీ అదే. అగ్గీ అనే పేరు కూడా ఆ వ్యవసాయం నుంచే వచ్చింది. ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ 1883లో వచ్చింది. అంటే వయసులో అన్న ఏ అండ్ ఎం. పేరులో, రాజధానిలో, డబ్బులో పెద్ద పీట మాత్రం తమ్ముడికి. డబ్బు అన్నది ఊరికే అనలేదు. పశ్చిమ టెక్సస్‌లో యూనివర్సిటీ కోసం అప్పట్లో కేటాయించిన భూములు సుమారు 21 లక్షల ఎకరాలు. ఎందుకూ పనికిరాని బీడు అనుకున్నారు. 1923లో అక్కడ ఆయిల్ పడింది. ఆ భూమి మీద పెరిగిన నిధి నుంచి ఏటా పంచే డబ్బులో టెక్సస్ యూనివర్సిటీ సిస్టమ్‌కి మూడింట రెండు వంతులు, ఏ అండ్ ఎం సిస్టమ్‌కి ఒక వంతు. పొలం పంపకంలో ఒక అన్నదమ్ముడికి రెండు వాటాలు, ఇంకొకడికి ఒక వాటా వస్తే ఆ ఇంట్లో పండగ పూట మాటలు ఎలా ఉంటాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. దాదాపు అదే ఇది.

రెండు టీములు మొదటిసారి ఆడింది 1894లో. ఇప్పటివరకు 119 మ్యాచ్‌లు. టెక్సస్ 77, ఏ అండ్ ఎం 37, టైలు 5. ఏ అండ్ ఎం పాటలో టెక్సస్‌కి గుడ్‌బై ఉంటుంది, టెక్సస్ పాటలో ఏ అండ్ ఎంకి గుడ్‌బై ఉంటుంది. ఒకళ్ల పేరు లేకుండా ఇంకొకళ్లు తమ పాట కూడా పూర్తి చేసుకోలేరన్నమాట.

ఇందులో గొడవ ఒక్కటే లేదు. 1999 నవంబర్ 18న, ఈ మ్యాచ్ ముందు ఏ అండ్ ఎం విద్యార్థులు ఏటా కట్టే భారీ భోగిమంట లాంటి దుంగల గుట్ట, అక్కడ బాన్‌ఫైర్ అంటారు, కడుతుండగానే అర్ధరాత్రి దాటాక కూలిపోయింది. 12 మంది చనిపోయారు, 27 మందికి గాయాలయ్యాయి. ఎనిమిది రోజుల తర్వాత మ్యాచ్ జరిగింది. టెక్సస్ బ్యాండ్ పిల్లలు మైదానం మధ్యలో టోపీలు తీసి నివాళి వాయించారు. ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది. యూనివర్సిటీ అధికారికంగా ఆ మంట వెలిగించడం అప్పటి నుంచి ఆగిపోయింది. ఎంత పోటీ ఉన్నా, నవంబర్ వచ్చేసరికి రెండు వైపులా ఆ 12 మందిని తలుచుకునేవాళ్లు ఉంటారు.

ఇంత చరిత్ర ఉన్న మ్యాచ్ 13 ఏళ్లు జరగలేదు. 2011లో టెక్సస్‌కి ఈఎస్‌పీఎన్‌తో కలిసి సొంత టీవీ ఛానల్ వచ్చింది. 20 ఏళ్లకి 30 కోట్ల డాలర్ల ఒప్పందం. ఒకే కాన్ఫరెన్స్‌లో ఉంటూ ఒకళ్లకి మాత్రం సొంత ఛానల్ ఏంటని ఏ అండ్ ఎంకి మండింది. కాపురం వేరుపడటానికి కారణం అదొక్కటే కాదు గానీ పెద్ద కారణం మాత్రం అదే. 2012లో బిగ్ 12 వదిలేసి ఎస్ఈసీలోకి వెళ్లిపోయారు. 2024లో టెక్సస్ కూడా అదే ఎస్ఈసీలోకి వచ్చింది. తప్పించుకుని వచ్చిన వీధిలోకే తమ్ముడు కూడా ఇల్లు మారినట్టు.

సరే, ఇక ఈ శుక్రవారం సంగతికి వద్దాం.

ఏ అండ్ ఎంకి ఏం పోతుంది, ఏం వస్తుంది? గెలిస్తే 12-0, నేరుగా డిసెంబర్ 6న అట్లాంటాలో ఎస్ఈసీ చాంపియన్‌షిప్ మ్యాచ్. ఎస్ఈసీలో చేరి 13 ఏళ్లయినా వాళ్లు ఆ మ్యాచ్ ఒక్కసారి కూడా ఆడలేదు. ఏ కాన్ఫరెన్స్‌లో అయినా వాళ్లు చివరిగా టైటిల్ గెలిచింది 1998లో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ప్రమోషన్ల గురించి ఆలోచిస్తున్నారు. ఓడిపోతే? అట్లాంటా వాళ్ల చేతుల్లోంచి జారిపోతుంది. మిగతా మ్యాచ్‌లు ఎటు తిరుగుతాయో చూస్తూ కూర్చోవాలి. 12 టీముల ప్లేఆఫ్‌లో చోటు మాత్రం పోదు. 11-1తో మూడో ర్యాంక్ టీమును కమిటీ బయట పెట్టదు. కాకపోతే మొదటి నాలుగు ర్యాంకులకి ఒక రౌండ్ రెస్ట్ దొరుకుతుంది చూడండి, అది చేజారే ప్రమాదం ఉంది.

టెక్సస్ పరిస్థితి ఇంకా చిత్రం. ఓడితే సీజన్ అయిపోయినట్టే. గెలిస్తే 9-3. మూడు ఓటములతో ప్లేఆఫ్ దొరుకుతుందా? పోయినేడాది 9-3 అలబామాని కమిటీ బయటే ఉంచింది. కాబట్టి కష్టమే. కానీ టెక్సస్ వాదన కొట్టిపారేసేది కాదు. సీజన్ మొదటి మ్యాచే డిఫెండింగ్ చాంపియన్ ఒహాయో స్టేట్ మీద, వాళ్ల ఊళ్లో ఆడి 14-7తో ఓడారు. ఆ టీమ్ ఇవాళ్టికి నంబర్ వన్. ఆ రోజు ఏదో చిన్న టీముని పిలిచి ఆడుకుని ఉంటే ఇవాళ రికార్డు 9-2 ఉండేది. కష్టమైన పేపర్ ఎంచుకున్నవాడికి మార్కులు తగ్గితే, వచ్చే ఏడాది నుంచి అందరూ తేలిక పేపరే ఎంచుకుంటారు. కమిటీ ముందున్న అసలు ప్రశ్న ఇదే. శుక్రవారం టెక్సస్ గెలిస్తే ఆ ప్రశ్నని కమిటీ పక్కన పెట్టలేదు. టెక్సస్‌కి మైనస్ ఎక్కడంటే, ఫ్లోరిడా మీద 29-21 ఓటమి. ఫ్లోరిడాకి ఇది చాలా చెడ్డ సీజన్. ఆ ఓటమికి సాకు దొరకదు.

ఇప్పుడు మన ఇంజనీరింగ్ పని చేద్దాం. రెండు సిస్టమ్స్‌ని పోల్చాలంటే ఒకే ఇన్‌పుట్ ఇచ్చి చూడాలి కదా. రెండు టీములూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులు ముగ్గురు ఉన్నారు. ఫ్లోరిడా, మిసిసిపి స్టేట్, ఆర్కన్సా.

ఫ్లోరిడా మీద ఏ అండ్ ఎం 34-17తో గెలిచింది, టెక్సస్ 29-21తో ఓడింది. మిసిసిపి స్టేట్ మీద ఏ అండ్ ఎం 31-9తో హాయిగా గెలిస్తే, టెక్సస్ 17 పాయింట్లు వెనకబడి, ఆఖరి క్వార్టర్‌లో లేచి, ఓవర్‌టైమ్‌లో 45-38తో బతికి బయటపడింది. ఆర్కన్సా మీద మాత్రం తిరగబడింది. టెక్సస్ 52-37తో గెలిస్తే, ఏ అండ్ ఎం 45-42తో గట్టెక్కింది.

ఇక్కడితో ఆపితే ఏ అండ్ ఎం మెరుగు అనిపిస్తుంది. కానీ ఒక్క కాలమ్ జోడించండి. మ్యాచ్ ఎక్కడ జరిగింది? ఫ్లోరిడా, మిసిసిపి స్టేట్ మ్యాచ్‌లు ఏ అండ్ ఎం సొంత మైదానంలో ఆడింది, టెక్సస్ బయట ఆడింది. ఆర్కన్సా మ్యాచ్ టెక్సస్ ఇంట్లో ఆడింది, ఏ అండ్ ఎం బయట ఆడింది. ముగ్గురి విషయంలోనూ, ఇంట్లో ఆడిన టీముకే మంచి స్కోరు. అంటే ఈ మూడు మ్యాచ్‌లు మనకి చెప్తున్నది ఏ టీమ్ గొప్ప అనే దానికన్నా, ఇల్లు ఎంత ముఖ్యం అనేదే ఎక్కువ.

దానికి ఇంకో ముక్క కలపండి. టెక్సస్ మూడు ఓటములూ బయటే. ఒహాయో స్టేట్, ఫ్లోరిడా, జార్జియా. ఆస్టిన్‌లో ఈ సీజన్‌లో ఒక్కటి కూడా ఓడలేదు. శుక్రవారం మ్యాచ్ ఆస్టిన్‌లో. లక్ష మంది పట్టే స్టేడియం. అక్కడ ఏ అండ్ ఎం చివరిసారి గెలిచింది 2010లో.

అలాగని ఏ అండ్ ఎం బయట భయపడే టీమ్ కాదు. నోటర్ డేమ్ వెళ్లి 41-40తో గెలిచారు. ఆఖరి 13 సెకన్లు ఉన్నాయనగా, నాలుగో డౌన్ మీద టచ్‌డౌన్ కొట్టి. ఎల్ఎస్‌యూ వెళ్లి 49-25, మిజోరి వెళ్లి 38-17. గుండె ధైర్యం విషయంలో ఈ టీముకి వంక పెట్టలేం. వంక పెట్టాల్సింది వేరే చోట. జార్జియా, అలబామా, ఓల్ మిస్, ఓక్లహోమా, ఈ నలుగురిలో ఒక్కరు కూడా ఏ అండ్ ఎం షెడ్యూల్‌లో పడలేదు. షెడ్యూల్ వాళ్లు రాసుకున్నది కాదు, నిజమే. కానీ పెద్ద లోడ్ పడకుండా నడిచిన సర్వర్‌ని చూసి ఇది ఎప్పటికీ పడిపోదని మనం చెప్పలేం కదా.

ఇప్పుడు మైదానంలోకి దిగుదాం. నా దృష్టిలో ఈ మ్యాచ్ మొత్తం మూడో డౌన్ దగ్గర తేలుతుంది.

కొత్తవాళ్లకి క్లుప్తంగా చెప్తాను. పది యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, వాటిని డౌన్లు అంటారు. మూడో ప్రయత్నంలో కూడా పని కాకపోతే, నాలుగోసారి చాలామంది రిస్క్ తీసుకోరు, బంతిని దూరంగా తన్ని అవతలి వాళ్లకి ఇచ్చేస్తారు. అందుకే మూడో డౌన్ అంటే ఇంటర్వ్యూలో ఫైనల్ రౌండ్ లాంటిది. ఆ మూడో డౌన్ మీద అవతలివాళ్లని ఆపడంలో ఏ అండ్ ఎం ఈ ఏడాది దేశంలోనే ముందు వరుసలో ఉంది. కారణం వాళ్ల పాస్ రష్. మూడో డౌన్‌కి ఎనిమిది, తొమ్మిది యార్డులు మిగిలాయంటే క్వార్టర్‌బ్యాక్ పాస్ వేస్తాడని అందరికీ తెలుసు. అప్పుడు క్యాషియస్ హావెల్ లాంటివాళ్లు చెవులు రిక్కించి దూకుతారు. యూటా స్టేట్ మీద ఇతను వరసగా మూడు ఆటల్లో మూడు సాక్‌లు చేశాడు. హెడ్ కోచ్ మైక్ ఎల్కో స్వతహాగా డిఫెన్స్ మనిషి. ఇదే కాలేజీలో నాలుగేళ్లు డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా చేశాడు.

అవతల వైపు ఆర్చ్ మానింగ్. ఇంటి పేరు చాలు, పరిచయం అక్కర్లేదు. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ఎన్ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాక్‌లు. సీజన్ మొదట్లో కుర్రాడు తడబడ్డాడు, సోషల్ మీడియాలో మన సినిమా వారసుల్ని ఆడుకున్నట్టు ఆడుకున్నారు. కానీ మిసిసిపి స్టేట్ మ్యాచ్ ఆఖరి క్వార్టర్ నుంచి వేరే ఆటగాడిలా ఉన్నాడు. పోయిన శనివారం ఆర్కన్సా మీద 389 యార్డులు విసిరాడు. నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ఒకటి తనే పరిగెత్తి కొట్టాడు, ఇంకొకటి పాస్ పట్టుకుని కూడా కొట్టాడు.

అయితే టెక్సస్‌కి ఒక పాత జబ్బు ఉంది. ఈ ఏడాది వాళ్ల రన్నింగ్ ఆట బలహీనం. మొదటి రెండు డౌన్లలో పరిగెత్తి నాలుగైదు యార్డులు కూడా తెచ్చుకోలేకపోతే, మూడో డౌన్‌కి దూరం మిగిలిపోతుంది. సరిగ్గా ఏ అండ్ ఎంకి కావాల్సిన చోటుకి వెళ్లి కూర్చున్నట్టే. కాబట్టి శుక్రవారం నేను చూడబోయేది మూడో డౌన్ మీద ఆర్చ్ ఏం చేస్తాడన్నది కాదు. మొదటి డౌన్ మీద కోచ్ స్టీవ్ సార్కీసియన్ ఏం పిలుస్తాడన్నది. మొదటి డౌన్‌లోనే చిన్న చిన్న పాస్‌లు, ఆర్చ్ కాళ్లతో చేసే పరుగులు కనిపిస్తే, టెక్సస్ హోంవర్క్ చేసి వచ్చినట్టు. మొండిగా మధ్యలోకి పరిగెత్తి ఒక యార్డు, రెండు యార్డులు తెచ్చుకుంటుంటే, ఆ రాత్రి ఆర్చ్‌కి నరకమే. ఒక గుర్తు చేస్తాను. పోయినేడాది కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ 17-7తో గెలిచినప్పుడు ఆర్చ్ స్టార్టర్ కాదు, బ్యాకప్. అప్పుడప్పుడూ కొన్ని ఆటలకి మాత్రమే దిగేవాడు. అయినా 15 యార్డుల టచ్‌డౌన్ పరుగు అతనిదే.

ఆ 17-7 స్కోరు దగ్గరే ఏ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్ బాకీ ఉంది. ఆ ఏడు పాయింట్లు ఎలా వచ్చాయో తెలుసా? వాళ్ల డిఫెన్స్ ఆటగాడు ఇంటర్‌సెప్షన్ పట్టుకుని 93 యార్డులు పరిగెత్తి కొట్టినవి. రీడ్ నడిపిన అఫెన్స్ సొంతంగా కొట్టింది సున్నా. సొంత ఊళ్లో, లక్ష మంది ముందు.

ఈ ఏడాది రీడ్ చాలా మెరుగయ్యాడు. కేసీ కన్సెప్షన్, మారియో క్రేవర్ అని ఇద్దరు మెరుపు రిసీవర్లు వేరే కాలేజీల నుంచి వచ్చి చేరారు. పరిగెత్తడానికి రూబెన్ ఓవెన్స్ ఉన్నాడు. కానీ రీడ్ ఆటలో రెండు వెర్షన్లు ఉన్నాయి. నవంబర్ 15న సౌత్ కరోలైనా మ్యాచ్‌లో ఆ రెండూ ఒకే రోజు చూశాం. మొదటి సగంలో బంతి పదే పదే పోగొట్టుకుని 30-3తో వెనకబడ్డారు. రెండో సగంలో అదే రీడ్ దుమ్ము దులిపి 31-30తో గెలిపించాడు. వాళ్ల కాలేజీ చరిత్రలో అదే అతి పెద్ద కమ్‌బ్యాక్. కానీ అది జరిగింది సొంత మైదానంలో. ఆస్టిన్‌లో 27 పాయింట్లు వెనకబడితే లేవడం జరగని పని. టెక్సస్ డిఫెన్స్‌లో కాలిన్ సిమన్స్ అంచు నుంచి వచ్చి మీద పడే రకం, వెనక మైకేల్ టాఫ్ పొరపాటు కోసం కాచుకుని కూర్చునే రకం. రీడ్ మొదటి క్వార్టర్‌లో తొందరపడకుండా ఉండటం, అదే ఏ అండ్ ఎంకి మొదటి విజయం.

టెక్సస్ ఫ్యాన్స్ కూడా ఎక్కువ ఎగరొద్దు. జార్జియాలో మీ టీమ్ మూడు క్వార్టర్ల తర్వాత 14-10 మీదే ఉంది. ఆఖరి క్వార్టర్‌లో కుప్పకూలి 35-10తో ఓడారు. ఆర్కన్సా మీద 52 కొట్టినా, 37 ఇచ్చారు. వాండర్‌బిల్ట్ మీద 34-10 ఆధిక్యం 34-31 దాకా కరిగిపోయింది. ఏ అండ్ ఎం ఆఖరి క్వార్టర్‌లో ఎంత ప్రమాదకరమో ఇప్పుడే చెప్పుకున్నాం. వాళ్ల ముందు ఆఖరి 15 నిమిషాలు నిద్రపోతే అంతే సంగతులు.

మరి నా అంచనా? టెక్సస్ 27, ఏ అండ్ ఎం 23. కారణం ఒక్కటే. ఈ రెండు టీముల మధ్య 11-0కి, 8-3కి ఉన్నంత తేడా నిజంగా లేదు. తేడా చిన్నదైనప్పుడు ఇల్లు గెలుస్తుంది. ఈ లెక్క తప్పాలంటే ఒక దారి ఉంది. మొదటి సగంలో ఏ అండ్ ఎం బంతి పోగొట్టుకోకుండా ఆడి, హావెల్ బృందం ఆర్చ్‌ని నాలుగైదు సార్లు పడగొడితే, స్టేడియం చప్పబడిపోతుంది. అప్పుడు 12-0 ఖాయం. హాఫ్‌టైమ్‌కి మీరు చూడాల్సినవి రెండే రెండు నంబర్లు. రీడ్ ఎన్నిసార్లు బంతి పోగొట్టాడు? టెక్సస్ మూడో డౌన్లలో ఏడు యార్డులకి మించి మిగిలినవి ఎన్ని? మొదటిది పెరిగితే టెక్సస్, రెండోది పెరిగితే ఏ అండ్ ఎం.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లో మన తెలుగు ఇళ్లలో అన్న ఆస్టిన్‌లో, చెల్లి కాలేజ్ స్టేషన్‌లో చదివే ఇళ్లు ఉంటాయి. ఆ అమ్మానాన్నలకి నా సలహా ఒక్కటే. థ్యాంక్స్‌గివింగ్‌కి పిల్లలు ఇంటికొచ్చిన సంతోషంలో ఏదో ఒక రంగు టీషర్ట్ వేసుకోకండి. బర్న్ట్ ఆరెంజ్ వేసుకుంటే ఒకళ్లు అలుగుతారు, మెరూన్ వేసుకుంటే ఇంకొకళ్లు. తెల్ల చొక్కా వేసుకుని, ఇద్దరికీ సమానంగా బిర్యానీ వడ్డించి, మధ్యలో కూర్చోండి.

మీ స్కోరు అంచనా కామెంట్‌లో రాయండి. స్కోరుతో పాటు కారణం కూడా ఒక్క లైన్ రాయండి. మ్యాచ్ అయ్యాక వచ్చే ఎపిసోడ్‌లో మంచి కారణాలు చదివి మాట్లాడుకుందాం. అగ్గీలకి గిగ్ ఎమ్, లాంగ్‌హార్న్స్‌కి హుక్ ఎమ్. అందరికీ హ్యాపీ థ్యాంక్స్‌గివింగ్. ఉంటాను మరి, నమస్తే.